వెలివాడలో ఒక ప్రశ్న: మెతుకుసీమ క్రైస్తవుల చరిత్ర నుండి

మంజీర నదికి ఇరుప్రక్కల వ్యాపించియున్న మెతుకుసీమ పల్లెలలో, నిజాము ప్రభుత్వపు కాలమున, ఒక మనుష్యుని ఇతరులు ఏవగించుకొనుటకు అతడేమైనను చేయవలసిన అగత్యము ఉండెడిది కాదు, పుట్టిన చాలును. మాలవాడయు మాదిగవాడయు ఊరికి ఎడముగా ఉండెడివి. బావి వేరు, శ్మశానము వేరు, చాయ హోటళ్లు వెలసిన పిదప గ్లాసు సైతము వేరు. చచ్చిన పశువును ఈడ్చుట, తోళ్లు ఊనుట, డప్పు కొట్టుట, దొరల గడీలలో వెట్టి చేయుట, పట్వారీ పంపిన చోటికి మాటలు మోసికొని పరుగెత్తుట మొదలగునవన్నియు ఊరికి కావలసిన పనులే. ఆ పనులు చేయు చేతులు మాత్రము ఊరికి అక్కరలేదు. ఈ ఏవగింపునకు హేతువేమని ఎవరేని అడిగినచో సమాధానము సిద్ధముగా ఉండెడిది: పూర్వజన్మమున చేసికొన్నదే ఈ జన్మమున అనుభవించుచున్నారు. ద్వేషించువానిని నిర్దోషిగాను ద్వేషింపబడువానిని దోషిగాను ఒక్క వాక్యముతో తీర్మానించు ఈ న్యాయస్థానమునందు సాక్షులతో పని లేదు, ఏలయన నేరము జరిగిన జన్మము వాదికిని జ్ఞాపకము లేదు, ప్రతివాదికిని లేదు.

పదిమంది మనలను మెచ్చకున్న, తప్పు మనయందే ఉండవలెనా? పట్టణములలో నివసించు చదువరులు నిద్రపట్టని రాత్రులయందు తమలో తాము వేసికొను ఈ ప్రశ్న, ఈ సీమ వెలివాడలలో నలుబది యాబది తరములు మారు మాటాడక మోసిన ప్రశ్న. అందులకు క్రైస్తవము చెప్పిన సమాధానమేమి, ఆ సమాధానమును అందుకొన్నవారు దానిని ఎట్లు నిలువబెట్టుకొనిరి, ఎక్కడ జారవిడిచిరి అను విషయము సంగారెడ్డి, మెదకు, పటాన్‌చెరు ప్రాంతముల చరిత్రలో స్పష్టముగా కానవచ్చును.

ఈ నేలకు ద్వేషము క్రొత్తది కాదని మొదటనే చెప్పవలెను. నేడు పొగగొట్టములకు పేరుపొందిన పటాన్‌చెరు కల్యాణి చాళుక్యుల కాలమున పొట్టలకెరె యను పేర రాజధానిగా వెలసిన పట్టణము; జైనులకు నెలవు. రెండవ జయసింహుని రాణి సుగ్గలదేవి శైవమును స్వీకరించి రాజును కూడ ఆ మార్గమునకు త్రిప్పుకొనెననియు, ఆ వెనుక జైన బసదులు నేలగూలెననియు శైవగాథలు సంతోషముతో చెప్పుకొనును. గాథలోని ప్రతి మాటను నమ్మవలసిన పని లేదు కాని, నిన్నటివరకు రాజగౌరవము పొందిన శ్రమణుడు నేడు వీధిలో నగుబాటునకు గురియగుటకు అతని శీలములో ఏమి మార్పు వచ్చినదని అడుగక తప్పదు. మారినది రాణిగారి మనస్సు మాత్రమే.

హైదరాబాదు రాజ్యమునందు వెస్లియన్ మెథడిస్టు మిషను 1879లో అడుగుపెట్టెను. విలియం బర్జెస్ దానికి ఆద్యుడు. 1895లో సికిందరాబాదునకు వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అనతికాలముననే మెదకునకు తరలిపోయి, తక్కిన సేవాకాలమంతయు ఆ సీమకే అంకితము చేసెను. గుమిగూడి ఈ పాస్నెట్ దొరగారి మాటలు ఆలకించినవారు అధికసంఖ్యాకులు మాల మాదిగలు. వారు ఏమి విని కదలిరని ఆలోచించునప్పుడు మన విద్వాంసులు తరచుగా ఆసుపత్రిని, పాఠశాలను, దొరగారి పలుకుబడిని పేర్కొందురు. అవి లేవని నేననను. కాని యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము ఆ వాడలో ఎట్లు వినబడియుండునో కూడ ఊహింపవలెను గదా!

పుట్టుగ్రుడ్డి యొకడు త్రోవప్రక్కన కూర్చుండియుండగా, ఇట్లు పుట్టుటకు పాపము చేసినది ఇతడా, ఇతని తలిదండ్రులా యని శిష్యులు గురువును అడిగిరి. ఇరువురిలో ఎవరును కారని యేసు ఉత్తరమిచ్చెను. కథ అంతటితో ముగిసియుండిన అది ఒక ఓదార్పు కథ మాత్రమే అయ్యెడిది. చూపు వచ్చిన పిదప ఆ మనుష్యుని పెద్దలు పిలిపించి, ప్రశ్నలతో వేధించి, నిలువెల్ల పాపమున పుట్టినవాడవు మాకు బోధింతువా యని గద్దించి సమాజమందిరమునుండి వెలివేసిరి. గ్రుడ్డివాడుగా బిచ్చమెత్తుకొనినంత కాలము అతనిని సహించినవారు, చూపుతో నిలిచి మాటాడిన దినమున సహింపలేకపోయిరి. వెలివేయబడిన పిమ్మట యేసు అతనిని వెదకికొనుచు వచ్చెనని చెప్పి సువార్తికుడు ఆ అధ్యాయమును ముగింపునకు తెచ్చుచున్నాడు.

మెతుకుసీమలో జరిగినదియు అక్షరాల ఇదియే. బాప్తిస్మము పొందిన కుటుంబములు చచ్చిన పశువు మాంసమును మానవలెననియు, దేవతల కొలుపులలో డప్పు కొట్టరాదనియు, ఆదివారము పనికి పోరాదనియు బోధకులు కట్టడి చేసిరి. మిషను అండ దొరకిన చోట్ల వెట్టికి రామని చెప్పు ధైర్యము కూడ కొందరికి కలిగెను. అంతకుముందు చచ్చిన ఎద్దును మోసినందులకు అంటరానివాడైనవాడు, ఇప్పుడు మోయనన్నందులకు పొగరుబోతు ఆయెను. డప్పు కొట్టినపుడు హీనుడు, కొట్టననినపుడు ఊరికి అరిష్టము తెచ్చువాడు. చేసినను నిందయే, మానినను నిందయే అయినప్పుడు, ఆ నిందకు చేసిన పనితో సంబంధము లేదని తేటపడుచున్నది. ద్వేషమును దోషమునకు కొలబద్దగా వాడుకొనువారికి ఈ ఒక్క దృష్టాంతము చాలునని నా అభిప్రాయము.

అదే మిషను నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో నెలకొల్పిన కుష్ఠరోగుల ఆసుపత్రి గాథ ఇంకను లోతైనది. స్కాట్లండు దేశస్థురాలు డాక్టరు ఇసబెల్ కెర్ భర్తతో కూడ 1907లో ఈ రాజ్యమునకు వచ్చి, నిజామాబాదులో రోగులను చూచుచుండగా, ఏ ఆసుపత్రియు చేర్చుకొనని పెద్దరోగము వారు తన వాకిట చేరుట గమనించెను. నర్సాగౌడు అను ధనికుడగు హిందువు విరివిగా ద్రవ్యమిచ్చి ఆ పనికి చేయూత యయ్యెను. క్రైస్తవ వైద్యురాలి చేతులు, హిందూ గృహస్థుని ధనము, ముసల్మాను ప్రభువు నేల: ఈ మూడును కలిసినచోట రోగికి పడక దొరకినది.

పెద్దరోగమును పాపఫలముగా ఎంచుట హిందువుల యందు మాత్రమే కలదని చెప్పిన అది అసత్యము. క్రైస్తవుల పాతనిబంధనలో మోషే సోదరి మిర్యాము, ఎలీషా సేవకుడు గేహజీ, యూదా రాజు ఉజ్జియా తమ తప్పునకు ప్రతిగా కుష్ఠును పొందినట్లు వ్రాయబడినది. లేవీయకాండము రోగిని పాళెము వెలుపల నివసింపుమనినది. ఇంగ్లీషు, తెలుగు ప్రసంగీకులు పాపమునకు ఉపమానముగా కుష్ఠును ఎత్తుకొనక ఒక ఏడాదియైన గడపియుండరు. అట్టి గ్రంథమునే చేతబట్టినవారు అట్టి రోగులకే కట్లు కట్టుట ఎట్లు సంభవించెను? ఆ గ్రంథముననే, రోగి తన్ను ముట్టుమని అడుగకమునుపే చేయి చాచి ముట్టిన ఒకని కథ కూడ ఉండుట వలన. వైద్యశాస్త్రము తన వంతు తాను చేసెను. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ రోగమునకు సూక్ష్మజీవి కారణమని కనుగొనియుండెను. చాల్మూగ్రా నూనె సూదిమందుగా ఇచ్చు చికిత్స 1920 తరువాతి దశకములో ప్రచారములోనికి వచ్చి, డిచ్‌పల్లి అందులకు ఒక కేంద్రమాయెను. పాపమని చెప్పబడినది పురుగని తేలినది. ఐనను రోగము మాని ఇంటికి మరలిన వారిని ఊరు వెంటనే అక్కున చేర్చుకొనలేదు. సూక్ష్మజీవి చచ్చినంత సులభముగా ఏవగింపు చావదు.

ఇక కరవు సంగతి. కూటికొరకు మతము మార్చుకొన్నవారన్న నింద తెలుగు క్రైస్తవులను నూరేండ్లకు పైగా వెన్నాడినది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము, నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, నూట డెబ్బదియైదు అడుగుల శిఖరముతో నేటికిని క్రిస్మసు నాడు జనసముద్రమును ఆకర్షించు ఆ కట్టడము, కరవు రోజులలో కూలికి అన్నము పెట్టి కట్టించినదని ప్రతీతి. అది అభిమానులు చెప్పునపుడు దయాగుణమునకు నిదర్శనము. విమర్శకులు చెప్పునపుడు ఎరకు నిదర్శనము. రాళ్లు మోసినవారికి మాత్రము అది కూలి.

ఈ నిందను తప్పించుకొనుటకు మానవప్రయత్నముచే చేయదగినదంతయు చేసినవాడొకడు కలడు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన కరవులో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను; బాప్తిస్మము అడిగినవారిని, ఎరకు వచ్చినవారను మాట రాకుండుటకై, కరవుపని సాగినంత కాలము ఆపి ఉంచెను. పని ముగిసి గింజలు పంచుట నిలిచిన పిదప 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2222 మందికి బాప్తిస్మము జరిగెను. క్లౌ ఇంతగా జాగ్రత్తపడినను నింద రాక మానలేదు. అనుమానించుటకు నిశ్చయించుకొన్న లోకమును మన జాగ్రత్త ఒప్పింపజాలదు. వాస్కం పికెట్ 1933లో ప్రకటించిన సామూహిక మతాంతరీకరణ పరిశోధనలో, లౌకిక కారణములు చెప్పుకొని వచ్చినవారిలో సైతము తరువాత నిష్ఠగల క్రైస్తవులైనవారు అనేకులని వ్రాసెను. అది అట్లుండనిండు; నాకొక సందేహము. నిండు కడుపుతో తాతలనాటి మతమును అనుసరించువాని ఉద్దేశమును ఎవరును పరీక్షింపరు. ఆకలిగొన్నవాడు మాత్రమే తన భక్తికి నిర్మలమైన హేతువును చూపవలెను. ఈ పక్షపాతమునకు ఏ శాస్త్రము ఆధారము?

ఇంతవరకు వ్రాసినది చదివి, నన్ను లోకము ద్వేషించుచున్నది గనుక నేను పరిశుద్ధుడనని సంతసించువారు కొందరు కలరు. అట్టివారిని సువార్త ఆదరింపదు. లోకము తన శిష్యులను ద్వేషించునని యేసు చెప్పెను, నిజమే. అందరును పొగడునప్పుడు జాగ్రత్తపడుడనియు, అబద్ధ ప్రవక్తలకు అట్టి పొగడ్తలే లభించెననియు హెచ్చరించెను, అదియు నిజమే. కాని పేతురు తన మొదటి పత్రికలో ఒక సన్నని గీత గీచినాడు: క్రైస్తవుడైనందున బాధపడుట వేరు, హత్యకు, దొంగతనమునకు, తుదకు అన్యుల వ్యవహారములలో తల దూర్చినందులకు బాధపడుట వేరు. హంతకుని ప్రక్కన ఈ చివరివానిని కూర్చుండబెట్టుటలో ఆ వృద్ధ జాలరికి మనుష్యస్వభావము ఎంత బాగుగా తెలియునో చూడుడు. యెరికో పట్టణపు సుంకరి జక్కయ్యను ఊరంతయు ద్వేషించెను; ఆ ద్వేషమునకు తగిన కారణము కలదు. యేసు అతని యింటికి అతిథిగా పోయినందున అతని లెక్కలు సరికాలేదు. అన్యాయముగా పుచ్చుకొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింతునని జక్కయ్య తానై పలికెను. పుట్టుగ్రుడ్డియు జక్కయ్యయు ఇరువురును వెలివారే. ఒకడు చేయని తప్పునకు, ఒకడు చేసిన తప్పునకు. వెలివేసిన జనమునకు ఆ భేదము పట్టలేదు.

మెతుకుసీమ క్రైస్తవ సంఘమునకు ఈ రెండవ పాఠము కష్టముగా వచ్చినది, లేదా రానేలేదు. సంతలలోను జాతరలలోను నిలిచి పొరుగువాని దేవతలను తూలనాడి, రాళ్లు పడగా అది క్రీస్తు నిమిత్తము పొందిన హింసయని వ్రాసికొన్న బోధకులు తెలుగునాట లేకపోలేదు. అచ్చట రాళ్లను రప్పించినది సిలువ కాదు, నాలుక. అంతకంటె బరువైనది మరియొకటి. ఊరు మాలను తోసివేసెను, మాదిగను తోసివేసెను. తోసివేయబడిన ఇరువురు ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనమునకు కూర్చుండి కూడ ఒకరినొకరు దూరముగనే ఉంచిరి. వియ్యము లేదు, పల్లెలలో పొత్తు లేదు, పెత్తనముల కొరకు పోటీ మాత్రము కలదు. పి. వై. ల్యూక్, జాన్ కార్మన్ అనువారు మెదకు అధ్యక్షమండలములోని జంగరాయి ప్రాంతమున 1959లో తిరిగి, 1968లో ప్రకటించిన గ్రంథము ఈ పల్లె క్రైస్తవుల జీవితమును ముసుగు లేక చూపినది: ఆదివారము ప్రార్థన, అంటురోగము వచ్చినపుడు పోచమ్మకు మొక్కు, కులపు కట్టుబాట్లు, అన్నియు ఒకే యింటిలో. మిషను నివేదికలలోని మల్లెపూవువంటి విశ్వాసులను ఎరిగినవారికి ఈ గ్రంథము రుచింపకపోవచ్చును. నాకు మాత్రము వారియందు గౌరవము ఇనుమడించినది. ఐనను మాలక్రైస్తవుడు మాదిగక్రైస్తవుని చూచిన చూపునకు పూర్వజన్మ సిద్ధాంతమును నిందింపజాలము. ఆ చూపు వారి స్వార్జితము.

1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి మెదకు ఒక అధ్యక్షమండలము ఆయెను. పాత మెదకు జిల్లాకు ప్రధానస్థానము సంగారెడ్డి. అందలి దక్షిణపు అంచు త్వరలోనే మరియొక లోకముగా మారిపోయినది. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము, 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ పరిశోధనకేంద్రము, ఆ దశకమునుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారముల పారిశ్రామికవాడలు, 1980లో ఇందిరాగాంధి మెదకు లోక్‌సభ స్థానమునుండి గెలిచిన పిదప మరికొంత ఊపు. వెలివాడల బిడ్డలు కంపెనీల గేటులలోనికి నడిచిరి. యంత్రమునకు కులము తెలియదు; షిఫ్టు కార్డుపైన ఊరిపేరు ఉండును గాని వాడపేరు ఉండదు. ఐనను నెలజీతము చేతపట్టుకొని అద్దెయిల్లు వెదకబోయినవానిని ఇంటి యజమాని అడుగు ప్రశ్నలు అందరెరిగినవే. నక్కవాగు నీరు రసాయనములతో రంగు మారి పొలములు చెడిన కాలమున, ఈ విషయమై గొంతెత్తినవారిపట్ల కంపెనీల పక్షమువారికి ఎట్లు ప్రేమ ఉండును? ప్రవక్త యిర్మీయాను గోతిలో దింపినది, యెరూషలేమునకు కీడు కోరుచున్నాడను నెపముతోనే.

2025 జూన్ 30న పాశమైలారములోని ఒక కర్మాగారమున సంభవించిన పేలుడులో నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో అనేకులు ఇతర రాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. ఊరి అనుమానపు చూపు ఇప్పుడు మాల మాదిగల మీదికంటె ఈ పరదేశి కూలీల మీదికి ఎక్కువగా మరలియున్నది. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినపుడు, వారు తక్కిన యెరూషలేము వారికంటె పాపులని తలంచుచున్నారా యని యేసు అడిగి, కారని చెప్పెను. ఆ గోపురమును కట్టించినవారెవరో సువార్తలో లేదు. పాశమైలారములో ఆ ప్రశ్న అడుగక తీరదు. చచ్చినవారి రాతను గూర్చి మాటాడుట, బ్రతికియున్నవారి బాధ్యతను గూర్చి మాటాడకుండుటకు తరచుగా ఒక మార్గము.

ప్రభుత్వపు పుస్తకములలో మాల మాదిగ క్రైస్తవుల స్థితి ఇంకను చిత్రమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులమును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరచిరి. క్రైస్తవునికి తెరవలేదు. తెలుగునాట అతడు వెనుకబడిన తరగతులలో సి వర్గమున నూటికి ఒక పాలుతో సరిపెట్టుకొనవలెను. బాప్తిస్మముతో కులము పోయినదని చట్టము చెప్పును; పోలేదని ఊరి బావి చెప్పును. అందువలన పల్లెలలో అనేకులు చర్చి పుస్తకమునందు ఒక పేరుతోను తహశీలు కాగితమునందు మరియొక పేరుతోను బ్రతుకుచున్నారు. హిందువులు వారిని దొంగ హిందువులనియు, పట్టణపు క్రైస్తవులు పిరికి క్రైస్తవులనియు ఎంచుదురు. ఈ రెండు నిందలలో వారి తప్పెంత, ఉత్తరువు తప్పెంత అని విడదీసి చూచుట ఓపికతో చేయవలసిన పని. రంగనాథ మిశ్రా సంఘము 2007లో ఇచ్చిన నివేదిక ఆ మతనిబంధనను తొలగింపుమనెను, 2022లో కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక సంఘమును నియమించిరి.

జంగరాయి గ్రంథకర్తలలో ఒకడగు కార్మన్ యాబది యేండ్ల పిమ్మట చిలుకూరి వసంతరావుతో కలిసి మరల ఆ పల్లెలకు పోయి, 2014లో రెండవ గ్రంథమును వెలువరించెను. పాత మిషను సంఘములు కొన్ని చోట్ల క్షీణించినవి. స్వతంత్రపు ప్రార్థనాగృహములు పుట్టగొడుగులవలె లేచినవి. స్వస్థత కోరి ఇతర కులములవారు కూడ వానికి వచ్చుచున్నారు. నాడు వాడలోనికి అడుగుపెట్టనివారి మనుమలు నేడు అదే వాడలో, రేకుల కప్పు క్రింద, మాదిగ పాస్టరుగారి చేయి తమ తలపై పెట్టించుకొని మోకరిల్లుచున్నారు. జ్వరము తగ్గిన పిదప వారు ఆ పాస్టరుగారిని ఇంటిలోనికి పిలిచి మంచినీళ్లు ఇచ్చుచున్నారా అన్నది ఊరూరికి వేరుగా ఉన్నది.